చలికాలానికి లావు ఊలు సాక్సులు: కాలి కొలత నుంచి మడమ మలుపు దాకా

మఫ్లర్ అల్లడం వచ్చినవాళ్లు సాక్సుల దగ్గరికి వచ్చేసరికి రెండు చోట్ల ఆగిపోతున్నారు. ఒకటి మడమ. రెండోది, కష్టపడి అల్లిన సాక్సు నాలుగు రోజులకే లూజై కాలి నుంచి జారిపోవడం. ఎక్కువమంది మళ్లీ మళ్లీ అడుగుతున్నవి ఈ రెండే కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. మిగతాది చకచకా సాగిపోతుంది.

నిట్, పర్ల్, అంటే మన దగ్గర చాలామంది సీదా, ఉల్టా అనేవి, ఆ రెండూ వచ్చి కుట్లు వేసుకోవడం తెలిస్తే చాలు. నాలుగు సూదుల మీద గుండ్రంగా ఎప్పుడూ అల్లకపోయినా ఫర్వాలేదు. ఊలు లావుగా ఉంటుంది కాబట్టి చుట్టుకు 28 కుట్లే వస్తాయి. తప్పు జరిగితే కంటికి కనిపిస్తుంది, విప్పినా పెద్దగా నష్టం ఉండదు. మొదటి జతకి సన్నని దారం కంటే లావు ఊలే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

## 1. ముందు కాలిని కొలవండి

చెప్పుల సైజు చూసి అల్లకండి. టేపు తీసుకుని సాయంత్రం పూట కొలవండి. పొద్దంతా నడిచాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

- పాదం చుట్టుకొలత: వేళ్ల కింద, అన్నిటికంటే వెడల్పైన చోట.
- పాదం పొడవు: గోడకి మడమ ఆనించి నిలబడి, పొడవైన వేలి కొస దాకా.

ఇప్పుడు అసలు విషయం. సాక్సు కాలికంటే చిన్నదిగా ఉండాలి. అల్లిక సాగుతుంది, ఆ సాగుడే సాక్సుని కాలికి పట్టి ఉంచుతుంది. చుట్టుకొలతలో పదో వంతు తగ్గించండి. పొడవులో 1 సెంటీమీటరు తగ్గించండి.

మా అమ్మకి అల్లిన మొదటి జత సరిగ్గా కాలి కొలతకే అల్లాను. తొడిగిన రోజు ముచ్చటగా ఉంది. వారం తిరిగేసరికి మడమ అరికాలి కిందికి వచ్చేసింది, ఆమె నడిచేటప్పుడు తడబడుతుంటే చూసి వెంటనే తీయించేశాను. పెద్దవాళ్లకి లూజు సాక్సు అసౌకర్యం మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

ఈ మార్గదర్శిలోని లెక్క ఇది:

- చుట్టుకొలత 19 సెం.మీ. దగ్గర ఉంటే: 24 కుట్లు
- 22 సెం.మీ. దగ్గర ఉంటే: 28 కుట్లు
- 25 సెం.మీ. దగ్గర ఉంటే: 32 కుట్లు

కింద అంతా 28 కుట్లకే రాస్తున్నాను. 24, 32 కుట్లకి ఎక్కడ మారుతుందో అక్కడక్కడ చెబుతాను.

## 2. ఊలు

లావు ఊలు అంటే లేబుల్ మీద "చంకీ" లేదా "బల్కీ" అని ఉంటుంది. దిగుమతి ఉండల మీద దారం ఉండ బొమ్మలో 5 అంకె కనిపిస్తుంది. జతకి 150 గ్రాములు సాధారణంగా సరిపోతాయి. పెద్ద పాదాలకైతే 200 తీసుకోండి. ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఉండలకి ఉండే నంబరు) చూసుకుని ఒకేసారి కొనాలి, లేకపోతే రెండో సాక్సు రంగు కాస్త తేడాగా వస్తుంది.

మన ఊళ్లలో "ఊలు" అని అమ్మేదాంట్లో చాలావరకు యాక్రిలిక్. అది చెడ్డదేమీ కాదు. మెషీన్‌లో ఉతకొచ్చు, ధర తక్కువ, గుచ్చుకోదు. కానీ చెమట పీల్చదు. అసలు గొర్రె ఊలు తడిసినా వెచ్చగానే ఉంటుంది, అయితే వేడి నీళ్లలో వేస్తే కుంచించుకుపోయి దిమ్మగా మారుతుంది. నా మాట అడిగితే, ఊలులో కొంత నైలాన్ కలిసిన దారం ఇంటి సాక్సులకి అన్నిటికంటే బాగుంటుంది. మడమ దగ్గర తొందరగా అరగదు.

లేబుల్ లేని ఉండ చేతికొస్తే చిన్న ముక్క పళ్లెంలో పెట్టి కాల్చి చూడండి. గొర్రె ఊలైతే కాలిన వెంట్రుకల వాసన వచ్చి మంట దానంతటదే ఆరుతుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

చంకీ ఊలు దొరకకపోతే మామూలు ఊలు రెండు పోగులు కలిపి అల్లండి. సరిపోయిందో లేదో నమూనా ముక్క చెబుతుంది. రెండు పోగులూ ఒకే ఉండ లోపలి కొస, బయటి కొసల నుంచి తీయకండి, చిక్కుపడుతుంది. రెండు వేర్వేరు ఉండలు పెట్టుకోండి.

## 3. సూదులు: నంబరు కాదు, మిల్లీమీటర్లు చూడండి

కావలసింది 5.5 మి.మీ. మందం ఉన్న, రెండు వైపులా కొసలున్న సూదులు, అయిదింటి సెట్టు. నాలుగింటి మీద కుట్లు ఉంటాయి, అయిదోదానితో అల్లుతాం.

ఇక్కడ చాలామంది పొరపడతారు. మన దుకాణాల్లో సూదుల మీద ఉండేవి పాత బ్రిటిష్ నంబర్లు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 5.5 మి.మీ. అంటే 5వ నంబరు, 6 మి.మీ. అంటే 4వ నంబరు. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు. అక్కడ 9 అంటే 5.5 మి.మీ., 10 అంటే 6 మి.మీ. అమెరికా వీడియోలో "10వ నంబరు సూది" అని విని ఇక్కడ 10 కొంటే 3.25 మి.మీ. సూది చేతికొస్తుంది. దానితో లావు ఊలు అల్లితే మణికట్లు నొప్పెట్టడమే మిగులుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు పంపిన సూదులతో ఇక్కడి నమూనా అల్లేవాళ్లకీ ఇదే జాగ్రత్త. దుకాణంలో మి.మీ. అడిగి తీసుకోండి.

ఉండ లేబుల్ 6 లేదా 6.5 మి.మీ. సూది వాడమంటుంది. అది స్వెటర్ కోసం. సాక్సు మీద మనిషి బరువంతా పడుతుంది కాబట్టి అల్లిక బిగువుగా ఉండాలి. అందుకే ఒక మెట్టు సన్నని సూది.

అల్లే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- 5.5 మి.మీ. సూదులు అయిదు, వీలైతే ఒక 6.5 మి.మీ. సూది
- మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉన్న ఊలు సూది
- సేఫ్టీ పిన్నులు నాలుగు
- టేపు, కత్తెర
- జారిన కుట్లు ఎత్తడానికి ఒక క్రోషే సూది
- కాగితం, పెన్ను

చివరిది మరచిపోకండి. రెండో సాక్సు మొదటిదానిలా రావాలంటే అదొక్కటే దారి.

## 4. నమూనా ముక్క

20 కుట్లు వేసుకుని, ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్‌గా 15 సెం.మీ. పొడవు అల్లండి. తడిపి, ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ. మేర కుట్లు లెక్కపెట్టండి.

- 14 వస్తే సరిగ్గా ఉంది.
- 12 వస్తే మీ చెయ్యి లూజు. 5 మి.మీ. సూదికి దిగండి.
- 16 వస్తే చెయ్యి బిగువు. 6 మి.మీ. తీసుకోండి.

దారాన్ని లాగి పట్టుకుని టెన్షన్, అంటే అల్లిక బిగువు, మార్చాలని చూడకండి. పది వరుసలయ్యాక చెయ్యి దాని అలవాటుకి అది వచ్చేస్తుంది. మార్చాల్సింది సూది.

ముక్కని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. కుట్ల మధ్య సందులు బాగా కనిపిస్తుంటే అది సాక్సుకి పనికిరాదు, లెక్క సరిపోయినా సరే.

## 5. కుట్లు వేసుకోవడం, చుట్టు కలపడం

మీటరు పొడవు కొస వదిలి, 6.5 మి.మీ. సూది మీద 28 కుట్లు వేసుకోండి. లావు సూది లేకపోతే 5.5 సూదులు రెండు కలిపి పట్టుకుని వాటి మీద వేసి, ఒకటి బయటికి లాగేయండి. అంచు సాగకపోతే సాక్సు మడమ దాటదు, తొడిగినా పిక్క కింద గీత పడుతుంది.

ఇప్పుడు నాలుగు సూదుల మీదికి ఏడేసి కుట్లు సర్దాలి. కొత్తవాళ్లు ఇక్కడే చుట్టు మెలిపెట్టేస్తారు. మెలి పడిందని నాలుగైదు చుట్లు అల్లాక గానీ తెలియదు, అప్పుడు విప్పడం తప్ప మార్గం లేదు. దానికి ఒక ఉపాయం: మొదటి వరుసని కలపకుండా, మామూలుగా అటూ ఇటూ అల్లేటట్టే, 2 నిట్, 2 పర్ల్ చొప్పున ఒక్క సూది మీదే అల్లేయండి. తర్వాత తిప్పి, నాలుగు సూదులకీ సర్ది, కుట్ల అంచులన్నీ లోపలికి చూస్తున్నాయో లేదో సరిచూసి, చుట్టు కలపండి. ఒక్క వరుస చీలిక మిగులుతుంది. వదిలిన కొసతో చివర్లో కుట్టేస్తే కనబడదు.

చుట్టు మొదలయ్యే చోట సేఫ్టీ పిన్ను పెట్టండి. అది మడమ వెనక మధ్యభాగం.

## 6. పై భాగం

2 నిట్, 2 పర్ల్ రిబ్ (నిలువు చారలుగా వచ్చి బాగా సాగే అల్లిక) 14 చుట్లు. తర్వాత అన్నీ నిట్ 6 చుట్లు. ఇంతే.

అల్లే వైపు మీకు దగ్గరగా, మిగతా సూదులు అవతలగా ఉండాలి. సూది మారిన ప్రతిసారీ రెండో కుట్టు అల్లేటప్పుడు దారం కాస్త బిగించండి. మొదటి కుట్టు బిగిస్తే చాలదు, అది మళ్లీ వదులవుతుంది.

## 7. మడమ పలక

భయపడాల్సిందేమీ లేదు. మడమ అంటే ఒక చిన్న చదరపు ముక్క, దాని అడుగున ఒక గిన్నె. చదరం ముందు.

చుట్టు మొదట్లో ఉన్న 1వ సూది 7 కుట్లు నిట్ అల్లండి. తిప్పండి. ఒక కుట్టు దాటించి (అంటే అల్లకుండా, పర్ల్ అల్లబోతున్నట్టు సూది దూర్చి, అవతలి సూదికి మార్చి), 13 కుట్లు పర్ల్ అల్లండి. దీంతో 1వ, 4వ సూదుల 14 కుట్లు ఒకే సూది మీదికి వచ్చాయి. మిగతా 14 పాదం పైభాగానివి. వాటిని అలాగే వదిలేయండి.

ఇక ఈ రెండు వరుసలు ఏడు సార్లు, మొత్తం 14 వరుసలు:

- బయటి వైపు: 1 దాటించి, 1 నిట్, ఇదే చివరిదాకా.
- లోపలి వైపు: 1 దాటించి, మిగతా 13 పర్ల్.

దాటించిన కుట్ల వెనక దారం పరుచుకుని మడమ రెండు పొరలంత మందంగా తయారవుతుంది. పక్క అంచుల్లో గొలుసులా ఏడు పెద్ద కుట్లు కనిపించాలి. అవి తర్వాత కావాలి.

24 కుట్ల సాక్సుకి 12 కుట్ల మీద 12 వరుసలు, 32 కుట్లకి 16 మీద 16.

## 8. మడమ మలుపు

మామూలు వరుస చివరిదాకా వెళుతుంది. ఇక్కడ మధ్యలోనే వెనక్కి తిరుగుతాం. కొన్ని కుట్లు అల్లకుండా మిగిలి ఉంటాయి, తిరిగినచోట ఒక సందు కనిపిస్తుంది. ఆ సందే మీకు గుర్తు. ప్రతి వరుసలో సందుకి అటూ ఇటూ ఉన్న రెండు కుట్లు కలిపేస్తూ వెళ్తాం.

రెండు తగ్గింపులు తెలియాలి. కుడి వాలు: రెండు కుట్లు కలిపి నిట్. ఎడమ వాలు: రెండు కుట్లు ఒక్కొక్కటిగా, నిట్ అల్లబోతున్నట్టు సూది దూర్చి కుడి సూదికి మార్చి, ఎడమ సూదిని వాటి ముందు నుంచి దూర్చి, రెండూ కలిపి అల్లడం.

14 కుట్ల మడమకి వరుసలు ఇవి:

1. 1 దాటించి, 7 నిట్, ఎడమ వాలు, 1 నిట్. తిప్పండి. (3 కుట్లు అల్లకుండా మిగిలాయి.)
2. 1 దాటించి, 3 పర్ల్, రెండు కలిపి పర్ల్, 1 పర్ల్. తిప్పండి. (ఇటు కూడా 3 మిగిలాయి.)
3. 1 దాటించి, 4 నిట్, ఎడమ వాలు, 1 నిట్. తిప్పండి.
4. 1 దాటించి, 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, 1 పర్ల్. తిప్పండి.
5. 1 దాటించి, 6 నిట్, ఎడమ వాలు. తిప్పండి.
6. 1 దాటించి, 6 పర్ల్, రెండు కలిపి పర్ల్. తిప్పండి.

సూది మీద 8 కుట్లు మిగలాలి. 2వ వరుస తర్వాత 12, 4వ వరుస తర్వాత 10 ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. లెక్క తప్పితే ఆ వరుసలోనే తప్పు ఉంది, ముందుకు వెళ్లకుండా అక్కడే విప్పండి.

12 కుట్ల మడమకి మొదటి వరుసలో 7కి బదులు 6 నిట్. 16కి 8 నిట్. రెండో వరుస మూడు సైజులకీ ఒకటే. ఆ తర్వాత సందుకి ముందు కుట్టు దాకా అల్లి, సందుకి అటూ ఇటూ ఉన్న రెండూ కలిపి, ఇంకొకటి అల్లి తిప్పడమే. పక్కల కుట్లు అయిపోయేసరికి 12కి 8, 16కి 10 మిగులుతాయి.

ఈ ఆరు వరుసలు అల్లేటప్పుడు మధ్యలో లేవకండి. ఫోను పక్కన పెట్టండి. పావుగంట పని. లేవక తప్పకపోతే ఏ వరుసలో ఉన్నారో కాగితం మీద రాసి లేవండి.

## 9. పక్కల కుట్లు ఎత్తడం

బయటి వైపు మీకు ఎదురుగా ఉండగా 8 కుట్లూ నిట్ అల్లండి. అదే సూదితో మడమ పలక పక్క అంచు వెంట, గొలుసు కుట్టుకొకటి చొప్పున 7, మూల దగ్గర ఇంకొకటి, మొత్తం 8 కుట్లు ఎత్తండి. గొలుసు కుట్టు రెండు పోగుల కిందా సూది వెళ్లాలి. ఒక్క పోగు కిందే దూరిస్తే అక్కడ రంధ్రం పడుతుంది.

పైభాగం 14 కుట్లు ఏడేసి చొప్పున 2, 3 సూదుల మీద అల్లండి. ఖాళీ సూదితో రెండో అంచు వెంట, మూల దగ్గర మొదలుపెట్టి, 8 ఎత్తండి. అదే సూదితో మడమ కుట్లలో మొదటి 4 అల్లండి. ఇప్పుడు 1వ సూది మీద 12, 2వ దాని మీద 7, 3వ దాని మీద 7, 4వ దాని మీద 12. మొత్తం 38. చుట్టు అరికాలి మధ్యలో మొదలవుతుంది.

ఒక చుట్టు మామూలుగా అల్లండి. ఎత్తిన కుట్లని మాత్రం వెనక పోగు నుంచి అల్లితే బిగుస్తాయి. తర్వాత:

- తగ్గింపు చుట్టు: 1వ సూది చివర 3 కుట్లు మిగిలేదాకా నిట్, కుడి వాలు, 1 నిట్. 2, 3 సూదులు మామూలు నిట్. 4వ సూది 1 నిట్, ఎడమ వాలు, మిగతావి నిట్.
- తర్వాతి చుట్టు అన్నీ నిట్.

ఈ జంట అయిదు సార్లు. మళ్లీ 28 అవుతాయి. (24 కుట్ల సాక్సుకి పక్కకి 7 ఎత్తి, అయిదు సార్లు తగ్గించాలి. 32కి పక్కకి 9, ఆరు సార్లు.)

## 10. పాదం

తగ్గించకుండా నిట్ అల్లుతూ పోవడమే. ఎక్కడ ఆపాలో మాత్రం లెక్క ఉంది. వేళ్ల భాగానికి 28 కుట్ల సాక్సులో సుమారు 4 సెం.మీ. పడుతుంది. (24కి 3, 32కి 5.) పాదం 24 సెం.మీ. అనుకుంటే సాక్సు పొడవు 23, కాబట్టి మడమ వెనక నుంచి 19 సెం.మీ. రాగానే ఆపాలి.

కొలిచేటప్పుడు సాక్సుని బల్ల మీద సాగదీయకుండా పరచండి. ఆ మనిషి ఇంట్లోనే ఉంటే సూదులతోనే జాగ్రత్తగా తొడిగి చూడండి: అల్లిక చిటికెన వేలి మొదలు దాటి ఒక అంగుళం లోపు ఉండాలి.

## 11. వేళ్ల భాగం

- తగ్గింపు చుట్టు: 1, 3 సూదుల చివర కుడి వాలు, 1 నిట్. 2, 4 సూదుల మొదట 1 నిట్, ఎడమ వాలు. చుట్టుకి 4 కుట్లు తగ్గుతాయి.
- మామూలు చుట్టు ఒకటి.

ఈ జంటని 16 కుట్లు మిగిలేదాకా చేయండి. 28 కుట్ల సాక్సుకి మూడు సార్లు. తర్వాత మధ్యలో మామూలు చుట్టు లేకుండా రెండు తగ్గింపు చుట్లు. 8 కుట్లు మిగులుతాయి.

30 సెం.మీ. కొస వదిలి దారం కత్తిరించండి. మొద్దు సూదికి ఎక్కించి, 8 కుట్లలోంచి రెండు సార్లు తిప్పి, మెల్లగా లాగి బిగించి, లోపలికి తీసి దాచేయండి. ముడి వేయకండి. షుగర్ ఉన్నవాళ్లకి పాదంలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, లోపల ముడి ఒరుసుకుపోతున్నా వాళ్లకి తెలియదు. వాళ్ల కోసం అల్లితే లోపల చెయ్యి పెట్టి ప్రతి కొసనీ తడిమి చూడండి. పై రిబ్ కూడా చర్మం మీద గీత పడనంత వదులుగా ఉందో లేదో చూడండి.

## 12. జరిగే తప్పులు, సరిచేసే తీరు

సూదుల మధ్య నిచ్చెన మెట్లలా సందులు. మూడు నాలుగు చుట్లకోసారి ఒక్కో కుట్టు పక్క సూదికి జరుపుతూ వెళ్తే సందు ఒకే చోట పేరుకోదు. మడమకి ముందు మళ్లీ ఏడేసిగా సర్దుకోండి. ఇప్పటికే పడ్డ చిన్న సందులు ఒక ఉతుకుతో చాలావరకు సర్దుకుంటాయి.

మడమ మూలలో రంధ్రం. మూల దగ్గర ఇంకో కుట్టు అదనంగా ఎత్తి, తర్వాతి చుట్టులో పక్కదానితో కలిపి అల్లండి. సాక్సు అయిపోయాక చూస్తే, అదే ఊలుతో లోపలి నుంచి రెండు కుట్లు వేయండి.

కుట్టు జారి కిందికి దిగిపోయింది. అల్లడం ఆపి, ముందు సేఫ్టీ పిన్నుతో పట్టుకోండి. తర్వాత క్రోషే సూదితో ఒక్కో అడ్డ పోగునీ పట్టి పైకి ఎక్కించండి.

పర్ల్ గింజలు బయట కనబడుతున్నాయి. మీరు చుట్టు లోపలి వైపు నుంచి అల్లుతున్నారు. పని ఆపి, సాక్సుని తిరగేసి, అల్లే కొస మీ వైపు తెచ్చుకుంటే చాలు.

ఒక సాక్సు పొడవు, ఒకటి పొట్టి. టేపుతో కొలవడం వల్ల వచ్చే తప్పు ఇది. రెండోదానికి టేపు వద్దు. మొదటిదాని చుట్లు లెక్కపెట్టి అన్నే అల్లండి.

రిబ్ కాలికి పట్టేస్తోంది. మొదటి అంచు బిగువు. మొత్తం విప్పనక్కర్లేదు. అంచు దగ్గర ఒక చుట్టు పోగు కత్తిరించి, కుట్లు సూదుల మీదికి ఎత్తుకుని, లావు సూదితో వదులుగా ముగించండి.

## 13. తొడిగే ముందు

మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్, మార్బుల్. ఊలు సాక్సుతో వాటి మీద నడవడమంటే జారడమే. పెద్దవాళ్లకి, పిల్లలకి ఇచ్చే జతలకి అడుగు కుట్టకుండా ఇవ్వకండి. మెత్తని స్వెడ్ తోలు ముక్కలు రెండు, మడమ కింద ఒకటి, వేళ్ల మొదళ్ల కింద ఒకటి, గరుకు వైపు నేలకి తగిలేలా పెట్టి, అంచుల వెంట రంధ్రాలు చేసి అదే ఊలుతో కుట్టండి. బట్టల మీద వేసే రబ్బరు చుక్కలు కూడా పనిచేస్తాయి. పూర్తిగా ఒక రోజు ఆరనిచ్చి తొడగాలి, అరిగినప్పుడు మళ్లీ వేయాలి. ఏది చేసినా మెట్ల మీద మాత్రం చెప్పులే వేసుకోమనండి.

ఉతకడానికి చల్లటి నీళ్లు, కొద్దిగా షాంపూ. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకి పొడవు సాగిపోతుంది.

మిగిలిన ఊలులో కొంచెం, లేబుల్‌తో సహా, ఒక కవర్లో పెట్టి దాచండి. మొదట అరిగేది మడమ అడుగు, బొటనవేలు కొస. నెలకోసారి ఆ రెండు చోట్లా వెలుతురుకి పట్టి చూసి, పోగు పలచబడగానే, చిరగకముందే, అదే ఊలుతో కుట్ల దారి వెంట మరో పొర కుట్టేయండి.